బేబీ మానిటర్: ఏడాదికే ఆపేద్దామా, మూడేళ్ల దాకా ఉంచుదామా?

పాప గదిలోని శబ్దాన్ని, వీడియోను మన దగ్గరికి చేరవేసే పరికరమే బేబీ మానిటర్. మన ఊళ్లలో బిడ్డ అమ్మ పక్కనే పడుకుంటుంది కాబట్టి ఈ ప్రశ్నే రాదు. అమెరికాలో, పాపను వేరే గదిలో పడుకోబెట్టే తెలుగు ఇళ్లలో మాత్రం తప్పదు.

ఏడాదికి ఆపేస్తే తల్లికి నిద్ర దక్కుతుంది. అది చిన్న విషయం కాదు. పాప కాస్త మూలిగినా మానిటర్‌లో పెద్దగా వినిపిస్తుంది, మనం లేచి పరుగెత్తుతాం, తనంతట తాను మళ్లీ నిద్రపోయేదాన్ని మనమే లేపేస్తాం. నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే సిడ్స్ ప్రమాదం ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే. దాన్ని మానిటర్ ఆపుతుందన్న రుజువూ లేదు. మరి ఏడాది దాటాక ఆ టెన్షన్ ఎందుకు?

మూడేళ్ల దాకా ఉంచడానికీ కారణం ఉంది. రెండంతస్తుల ఇల్లు, మూసిన తలుపులు, ఏడుపు కిందికి వినపడదు. ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లకు చేరేసరికి పిల్లలు తాము పడుకునే తొట్టి అంచు ఎక్కి దూకేస్తారు. జ్వరం వచ్చిన రాత్రుల సంగతి సరేసరి.

నేనైతే ఏడాదికి వీడియో ఆపేసి, శబ్దం మాత్రం ఉంచుతాను. పాప తనే తలుపు తీసుకుని వచ్చి "అమ్మా" అని పిలవగలిగిన రోజున అదీ తీసేస్తాను. అప్పటిదాకా మానిటర్ వైరు తొట్టికి కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. నిలబడటం వచ్చిన పిల్లలకు అది ఇట్టే అందుతుంది, మెడకు చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.