మూడేళ్ళుగా వాడుతున్న ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్: ఇంజిన్ టెంపరేచర్ నంబర్‌లో కనపడటం కోసమే కొన్నా

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెడితే ఇంజిన్ రీడింగ్‌లు ఫోన్‌లో చూపించే చిన్న పరికరం ఇది. ఇందులో యాభై ఫీచర్లు ఉంటే ఉండొచ్చు, నేను వాడేది ఒక్కటే, కూలెంట్ టెంపరేచర్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ వేడి. ఆ ఒక్కదానికే దీనికి రుణపడి ఉన్నా.

మాది 2014 పెట్రోల్ కారు, హైదరాబాద్ నుంచి ఖమ్మం నెలకి రెండుసార్లు వెళ్ళొస్తాం. టెంపరేచర్ ముల్లు ఒక చోట నిలబడేది కాదు. హైవే మీద కింద పావు దగ్గర ఉండేది, పంతంగి టోల్ దగ్గర లైన్‌లో ఆగితే చాలు మెల్లగా మధ్య దాకా వచ్చేసేది. సంక్రాంతికి వెళ్తుంటే ఆ లైన్ సంగతి మీకు తెలుసు కదా, పక్కన కూర్చున్న నాన్న ముల్లు చూసి భయపడిపోయి "ఒరేయ్ పైకి పోతుందిరా, పక్కకు ఆపు" అని ఒకటే గొడవ. ఏసీ ఆపేసి, పక్కకి తీసి అరగంట నిలబడేవాళ్ళం, అమ్మకి చెమటలు. ఒక మెకానిక్ రేడియేటర్ క్లీన్ చేశాడు, ఇంకొకతను హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీల్) పోయిందన్నా, ఇంజిన్ విప్పాలి అన్నాడు. ఆ ఖర్చు విన్నాక ఇంట్లో కారు అమ్మేద్దాం అనే మాట కూడా వచ్చింది.

అప్పుడు కొన్నా దీన్ని. స్టీరింగ్ కింద పెట్టి ఫోన్‌లో యాప్ పెట్టుకుని మళ్ళీ అదే రూట్‌లో వెళ్ళాం. చౌటుప్పల్ దాటాక 80 స్పీడ్‌లో టెంపరేచర్ 64 డిగ్రీలు, 66, మళ్ళీ 65. టోల్ లైన్‌లో 97 దాకా ఎక్కింది, ఫ్యాన్ తిరిగింది, 91కి దిగింది, మళ్ళీ 97. టోల్ దాటాక పది నిమిషాలకి మళ్ళీ 66.

నేను ఆ నంబర్లు చూస్తూ చాలాసేపు ఆలోచించా. 97 దగ్గర ఫ్యాన్ రావటం, దిగటం, అదంతా కరెక్టే. తప్పు ఉన్నది 65లో! ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి నీళ్ళని వదిలే వాల్వ్, థర్మోస్టాట్, 82 ఆ పైన గానీ తెరుచుకోకూడదు, అప్పటిదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకూడదు, మరి గంట నడిపిన ఇంజిన్ 65లో ఎలా ఉంటుంది? అంటే అది తెరుచుకునే ఉండిపోయుండాలి, లేదా అసలు లేకుండా ఉండాలి. ఇన్నాళ్ళూ మేము ముల్లు కింద ఉంటే బాగుంది, మధ్యకి వస్తే వేడెక్కింది అనుకున్నాం, ఉన్నది పూర్తిగా తిరగబడి.

ఖమ్మంలో మాకు తెలిసిన మెకానిక్ అన్నతో థర్మోస్టాట్ ఉండే హౌసింగ్ విప్పిస్తే లోపల ఖాళీ. అంతకుముందు ఎవరో పీకేశారు. "మన ఎండలకి ఎందుకులే అని చాలామంది తీసేస్తారు తమ్ముడూ" అన్నాడు. చెప్పకుండా తీసేయటం మీద నాకు ఇప్పటికీ కోపమే. కొత్త థర్మోస్టాట్, కూలెంట్, గాలి పోయేదాకా బ్లీడ్ చేయటం, అన్నీ కలిపి రెండు వేల లోపే అయ్యింది. ఇప్పుడు హైవేలో 86 నుంచి 90 మధ్య, మైలేజ్ కూడా 13 నుంచి 15కి వచ్చింది, చల్లటి ఇంజిన్‌కి ఈసీయూ (కారులోని కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది కదా, అదన్నమాట.

మళ్ళీ పోయిన వానాకాలం ముల్లు టక్కున జీరోకి పడటం, వెంటనే లేవటం మొదలైంది, ఫ్యాన్ ఏమో ఫుల్ స్పీడ్‌లో హోరు. ఫోన్‌లో చూస్తే 89, మైనస్ 40, మళ్ళీ 89. నీళ్ళు సెకన్‌లో అలా చల్లబడవు, సెన్సార్ వైర్ తెగితేనో కనెక్టర్ లూజ్ అయితేనో ఈసీయూ మైనస్ 40 అనుకుంటుంది. కనెక్టర్ పీకి చూస్తే పిన్ పచ్చగా చిలుం పట్టి ఉంది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి గట్టిగా పెడితే అయిపోయింది.

మొదటి ఏడాది కనపడ్డ ప్రతి ఒక్కరికీ కొనండి కొనండి అని చెప్పా. ఇప్పుడు కొంచెం ఆగి చెప్తున్నా. ఇది నీళ్ళ లెవెల్ చూపించదు, కూలెంట్ కారిపోయి సెన్సార్ గాలిలో ఉంటే నంబర్ బాగానే ఉన్నట్టు కనపడొచ్చు కూడా, అందుకే వారానికోసారి పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ బాటిల్ చూడటం నేను మానలేదు. గంటకోసారి కనెక్షన్ పోతుంది, మళ్ళీ కలపాలి. పది రోజులు పార్కింగ్‌లో పీకకుండా వదిలేస్తే బ్యాటరీ దిగిపోయి పక్కింటాయన కారుతో స్టార్ట్ చేసుకోవాల్సి వచ్చింది, అప్పట్నుంచి దిగేటప్పుడు పీకి జేబులో వేసుకుంటున్నా. ఇంకోటి, నంబర్ చెప్తుంది గానీ కారణం చెప్పదు, అది మనమే పట్టుకోవాలి.

నాకు పాత కారు, బానెట్ తెరిచి చూసే ఓపిక ఉంది, చెప్పింది వినే మెకానిక్ ఉన్నాడు, కాబట్టి పనికొచ్చింది. వారంటీలో ఉన్న కారైతే ఆ నంబర్లు ఫోటో తీసి సర్వీస్ సెంటర్‌లో చూపించండి, మీరు విప్పకండి. మా బాబాయి 2008 డీజిల్ కారుకి పెడితే అసలు లింకే అవ్వలేదు, అంత పాత బండి ఉన్నవాళ్ళు ఎవరిదైనా అడిగి పెట్టి చూసుకుని ఆ తర్వాతే కొనండి.