హనుమకొండ మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు: ఊపిరిని వదిలి పాదాలను పట్టుకున్నారు

ఆటిజం అనగానే వరంగల్‌లో పిల్లల స్పీచ్ థెరపీయే గుర్తొస్తుంది. ఆ పిల్లలకు పాతికేళ్లొచ్చాక టెన్షన్ తగ్గడానికి ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లు తక్కువ. పెద్దయినవాళ్ల కోసమే హనుమకొండలో పెట్టిన ఈ ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఇప్పుడు జరుగుతున్నదాని మీదే ధ్యాస నిలిపే సాధన) క్లాసు ఆ లోటు కొంత తీరుస్తుంది.

దీనికి మూలం 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన పద్ధతి. అందులో ఊపిరిని గమనించడం ముఖ్యం, ఇంటి దగ్గర రోజుకు 45 నిమిషాల సాధన. ఇక్కడ రెండూ మార్చారు, మంచి పని. ఆటిజం ఉన్న చాలామందికి కడుపులో తిప్పుతుంటే అది ఆకలో భయమో తేలదు. కొందరికి సొంత గుండె చప్పుడే మోతగా ఉంటుంది. అలాంటివాళ్లను కళ్లు మూసుకుని ఊపిరి చూడమంటే గాబరా పెరగొచ్చు. ఇక్కడ కళ్లు తెరిచే ఉంచి, చెప్పులు విడిచి, షాబాదు బండ మీద పాదాలు ఆనించమంటారు. ముందు మడమ, ఆనక బొటనవేలు, ఆనక రెండు బండల నడుమ సందు. చల్లగా ఉందా, గరుకుగా ఉందా, అంతే చూడాలి. మూడు నిమిషాలు. ధ్యాస తప్పితే మళ్లీ మడమ నుంచి. ఊగుతున్నా, వేళ్లు ఆడిస్తున్నా ఆపమనరు.

మాట కూడా సూటిగా ఉంది. ‘ఆలోచనల్ని మబ్బుల్లా పోనివ్వండి’ అంటే ఏం చేయాలో తెలియక కొందరు అక్కడే ఆగిపోతారు. 2013లో నెదర్లాండ్స్‌లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనలో ఇలాంటి పోలికలు తీసేసి, 9 వారాలు నేర్పారు. ఆందోళన, దిగులు తగ్గాయి. ఇక్కడా ఆ తొమ్మిదో వారం ఉండాల్సింది. ఏడో వారంలో రెండు పాఠాలు కుక్కేశారు.

హాలే పెద్ద లోపం. ట్యూబ్‌లైటు చోక్ గుయ్యిమంటుంది, అగర్‌బత్తి పొగ, పెళ్లిళ్ల రోజుల్లో బరాత్ డీజే లొల్లి. కిటికీకి దూరంగా, గోడకు వీపు ఆనేలా కూర్చోండి. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు బయటి మోత తగ్గిస్తాయి గానీ సొంత ఊపిరి పెద్దగా వినిపిస్తుంది. అది పడనివాళ్లకు చెవిని మొత్తం కప్పే ఇయర్‌మఫ్‌లే నయం.

ఒక వారం టైము మార్చిన సంగతి అదే రోజు పొద్దున మెసేజ్ పెట్టారు. ముందే తెలిసిన క్రమం మీద రోజంతా నిలబెట్టుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి.

ఇచ్చిన కాగితంలో ఒక్క మాట మాత్రం కొట్టేయాలి: మెల్ట్‌డౌన్ (మోత, ఒత్తిడి మితిమీరి తనమీద తనకు అదుపు తప్పే స్థితి) వచ్చినప్పుడు సాధన చేయమని ఉంది. ఆ సమయంలో లైటు తీసేయాలి, మాటలు ఆపాలి, కాస్త దూరంగా ఉండాలి. పాదాల సాధన మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు చేసేది: రోజూ ఒకే వేళ, ఒకే బండ మీద, పొద్దుటి చాయ్‌కి ముందు.