టేపు రికార్డరా, ల్యాప్‌టాపా?

ఇంట్లో వేణువు వాయించుకుని రికార్డు చేసుకోవడానికి నేను రెండూ వాడాను. సీ-60 క్యాసెట్‌లో ఒక్కో వైపు 30 నిమిషాలే. ఫ్యాన్ ఆపి, శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని, రికార్డు, ప్లే బటన్లు కలిపి నొక్కాలి. మధ్యలో తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచే. మోహన రాగం ఆలాపన ఒకటి పదకొండోసారికి కుదిరింది. చివర్లో వంటింటి కుక్కర్ విజిల్ కూడా పడింది, అయినా సరే, ఎవరూ చెరపకుండా క్యాసెట్ వెనక అంచున ఉండే ప్లాస్టిక్ రెక్క వెంటనే విరిచేశాను.

ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి దిద్దుకునే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. శ్రుతికి ఒక ట్రాక్, వేణువుకి ఒకటి, మృదంగానికి ఇంకొకటి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, లేకపోతే శ్రుతి మళ్ళీ మైకులో పడుతుంది. అపస్వరం వచ్చిన చోట ఆ ముక్క మటుకు వాయించి అతికించవచ్చు. ఆ వీలే నాకు చేటు చేసింది. ఆరు నెలలు అతుకులతో గడిపాక, ఒక్క కృతి కూడా మొదటి నుంచి చివరిదాకా నిలకడగా వాయించలేకపోయాను.

అందుకే సాధనకి నా ఓటు టేపు పద్ధతికే. ల్యాప్‌టాప్‌లోనైనా ఒకే టేక్, కత్తిరింపులు లేకుండా. దూరాన ఉన్న తమ్ముడు మృదంగం వాయించి పంపినప్పుడు మాత్రం ట్రాక్‌లే దిక్కు. పాత క్యాసెట్లుంటే ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. నాన్నగారి గొంతున్న క్యాసెట్ ఒకటి మా ఇంట్లో తేమకి బూజు పట్టిపోయింది.