చేతులు కదలకపోతే కంప్యూటర్: మాటతోనా, తలతోనా, చూపుతోనా?

ముందే చెప్పేస్తాను. మా తమ్ముడి విషయంలో తల గెలిచింది, మాట దానికి తోడుంది, చూపు వద్దనుకున్నాం. మీ ఇంట్లో లెక్క వేరే రావచ్చు. అందుకే మేము ఏది ఎందుకు వదిలామో, ఏది ఎందుకు ఉంచుకున్నామో వివరంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడిలో డీటీపీ షాపు. పట్టణం ఒడిశాది, పక్కనే పాతపట్నం ఆంధ్ర. పెళ్లికార్డులు తెలుగులో, కరపత్రాలు ఒడియాలో, ఆన్‌లైన్ ఫారాలు ఇంగ్లీషులో వస్తాయి. తమ్ముడు మేడ మీంచి పడ్డాక మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. భుజాలు ఎగరేస్తాడు, మోచేతులు కొంచెం మడుస్తాడు, వేళ్లు మాత్రం కదలవు. తల అన్ని వైపులా తిరుగుతుంది, గొంతు బాగుంది. పడకముందు కంపోజింగ్ అంతా వాడిదే. మళ్లీ అదే పని చేస్తానని పట్టుబట్టాడు.

ఎవరిని అడిగినా మొదట మాటే చెప్పారు. విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ ఉంది, విడిగా కొనక్కర్లేదు. భాష ఫైళ్లు ఒకసారి దించుకుంటే నెట్ పోయినా పనిచేస్తుంది. 'షో నంబర్స్' అంటే తెర మీద నొక్కగలిగే ప్రతిచోటా ఒక అంకె పడుతుంది, ఆ అంకె చెబితే క్లిక్ అవుతుంది. అంకె పడని చోటికి 'షో గ్రిడ్' అనాలి. తెర తొమ్మిది గళ్లుగా విడిపోతుంది, ఒక గడి చెబితే అది మళ్లీ తొమ్మిదవుతుంది. ఫారాలు నింపడానికి, మెయిల్ పంపడానికి ఇది చాలా హాయి. మేము పెట్టుకున్నప్పుడు దాని భాషల జాబితాలో తెలుగు లేదు, ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే. దానికి వాడు వారంలో అలవాటు పడ్డాడు.

చిక్కు వేరేచోట వచ్చింది. గూగుల్ 2017 నుంచి తెలుగు మాటను రాతగా మారుస్తోంది. గూగుల్ డాక్స్‌లో మైకు పెట్టి చెబితే తెలుగు చకచకా పడుతుంది. కానీ అది పడేది యూనికోడ్‌లో, అంటే ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతిలో. మా కార్డులన్నీ పేజ్‌మేకర్ అనే పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసినవి. ఆ రాతని తెచ్చి ఇక్కడ అతికిస్తే అక్షరాల బదులు గుర్తులు వస్తాయి. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, ఆ తర్వాత ఒత్తులు సరిచూడాలి. 'చి.ల.సౌ.' లో చుక్కలు మాటతో సరిగా పడవు. ఇక పెళ్లిళ్ల సీజన్లో బయట బ్యాండు మోగుతుంటే మైకు ఏం వింటుంది? ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. పాస్‌వర్డ్, ఓటీపీ పైకి చెప్పాలి. షాపులో నలుగురు నిలబడి ఉండగా బ్యాంకు పాస్‌వర్డ్ చదివే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

అప్పుడు తల వైపు వచ్చాం. దీనికి మామూలు వెబ్‌క్యామ్ చాలు. ఈవయాకామ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. బోస్టన్ కాలేజీ వాళ్ల కెమెరా మౌస్ కూడా ఉచితమే. కెమెరా ముఖాన్ని చూస్తుంటుంది, తల ఎటు తిప్పితే బాణం అటు వెళుతుంది. ఒకచోట కాసేపు ఆపితే క్లిక్. గూగుల్ 2023లో తెచ్చిన గేమ్‌ఫేస్‌లో కనుబొమ్మ ఎత్తడం, నోరు తెరవడం లాంటివి క్లిక్‌గా పెట్టుకోవచ్చు.

మొదటి రెండు రోజులు చూడలేకపోయాను. వాడు ఆలోచిస్తూ ఆగితే అది క్లిక్ అనుకునేది. తెరిచిన ఫైలు మూసుకుపోయేది, వాడి మొహంలో టెన్షన్. తర్వాత ఆగే సమయాన్ని ఒకటిన్నర సెకన్లకి పెంచాం. పని లేనప్పుడు బాణాన్ని ఖాళీ మూలకి తీసుకెళ్లి పెట్టడం అలవాటు చేసుకున్నాడు. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లబడి కెమెరా తడబడుతోందని కుర్చీ తిప్పాం. కిటికీ ఎదురుగా వచ్చాక బాణం వణకడం ఆగింది. ఒరుగు మార్చి కూర్చోబెట్టిన ప్రతిసారీ కెమెరా ఎత్తు కూడా సరిచేయాలి, అది మర్చిపోకండి.

మూడో వారం ఒక కార్డు చేశాడు. వినాయకుడి బొమ్మని ముక్కుతో పట్టి లాగి పైన మధ్యలో పెట్టాడు. బొమ్మ ఓ వెంట్రుకవాసి ఎడమకి ఉంది. నాకు కనబడలేదు, వాడికి కనబడింది. జూమ్ చేశాడు, జరిపాడు, మళ్లీ జూమ్ తగ్గించి చూశాడు. 'అక్కా, ఇప్పుడు ప్రింటివ్వు' అన్నాడు. నేను మౌస్ ముట్టుకోలేదు. మాటతో ఇదే పని చేయాలంటే గ్రిడ్ మీద గ్రిడ్ చెప్పుకుంటూ పోవాలి. పాస్‌వర్డ్ కూడా తెర మీది కీబోర్డులో తనే కొట్టుకుంటాడు.

దీనికీ ఖర్చుంది, అది మెడ కడుతుంది. దెబ్బ కొత్తదైతే, మెడలో రాడ్లు వేసి ఉంటే, డాక్టర్ సరేననేదాకా తలతో మొదలుపెట్టొద్దు.

చూపుతో నడిపే పరికరం మూడు రోజులు అరువు తెచ్చుకున్నాం. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, కంటి మీద దాని మెరుపుని బట్టి ఎటు చూస్తున్నామో లెక్కగడుతుంది. ముందు తెర మీద చుక్కల్ని చూసి దానికి నేర్పాలి. విండోస్‌లో 2017 నుంచి ఐ కంట్రోల్ ఉంది, ఆప్టికీ అనే ఉచిత కీబోర్డు కూడా ఉంది. కానీ పరికరానికి వేలల్లో పెట్టాలి. పెద్ద బటన్లు బాగా దొరికాయి, చిన్న ఒత్తుల దగ్గర చూపు నిలవలేదు. ఎండ సూటిగా పడితే తప్పులు పెరిగాయి. తల బాగా తిరిగే మనిషికి ఇది కొనడం దండగ అని నా అభిప్రాయం. ఒక అమ్మకందారు మాత్రం వాడి మెడ కదులుతుందో లేదో కూడా అడక్కుండా ఇదే అంటగట్టబోయాడు.

నోటితో పట్టుకునే పుల్ల చవక. అప్పుడప్పుడు ఫోన్ తట్టడానికి పరవాలేదు, రోజంతా అంటే దవడ నొప్పి.

ఏది ఎంచుకున్నా, పొద్దున్న కాదు, సాయంత్రం ఐదింటికి పరీక్షించండి. పొద్దున్న అన్నీ బాగానే నడుస్తాయి. మా వాడికి ఆ వేళకి మాటతో గొంతు బొంగురుపోయేది, ఊపిరి తక్కువ కాబట్టి. తలతో మెడ బరువెక్కేది. అందుకే ఇప్పుడు పొద్దున్న డిజైన్ తలతో, మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు ఫారాలు మాటతో.

వెన్నుపాము దెబ్బ ఒకచోట ఆగుతుంది. కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ లాంటి జబ్బు ఆగదు, అక్కడ లెక్క మారుతుంది. గుణుపురం నుంచి ఒక వదినగారు అలాంటి జబ్బున్న భర్త కోసం అడగడానికి వచ్చారు. ఆయన మాట ముద్దముద్దగా అవుతోంది, మెడ వాలుతోంది. మా పద్ధతి ఆయనకి ఎన్నాళ్లో పనికిరాదు. కళ్ల కదలిక సాధారణంగా అన్నిటికంటే చివరిదాకా నిలుస్తుంది, కాబట్టి ఆయనకి చూపు పరికరం దండగ కాదు. కొనేముందు అరువు తెచ్చి చూడమన్నాను. ఈలోగా ఆండ్రాయిడ్ 12 ఫోన్‌లో కెమెరా స్విచ్ పెట్టి ఇచ్చాం. కనుబొమ్మ ఎత్తితే తర్వాతి బటన్‌కి వెళుతుంది, నవ్వితే నొక్కుతుంది. నిదానమే. ఏఎల్‌ఎస్ ఉన్న శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చివరి ఏళ్లలో చెంప కండరం ఒక్కదానితోనే రాసుకునేవారు, అందుకు ఇంటెల్ చేసిన సాఫ్ట్‌వేర్ 2015 నుంచి అందరికీ ఉచితం. మాట ఉండగానే తర్వాతి దారి నేర్చుకోమని వాళ్లకి చెప్పాం. మాట పూర్తిగా పోయాక ఎక్కడ తప్పు జరుగుతోందో ఆయన మనకి చెప్పలేరు.