పెద్ద కంపెనీ ఉద్యోగం: ఇన్సూరెన్స్ కార్డు లేకపోతే ఎప్పుడో మానేసేవాడిని

పెద్ద కంపెనీలో జీతం టైముకు పడుతుంది, ప్రమోషన్ నత్తనడకన వస్తుంది, ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. కృష్ణపట్నం దగ్గర ఒక పెద్ద ప్లాంటులో మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లుగా చేస్తున్నా, అంతకుముందు నెల్లూరులో ఒక రైస్ మిల్లులో. రెండిటికీ తేడా ఏందంటే నేను చూపించేది ఒక్కటే, గ్రూప్ ఇన్సూరెన్స్ కార్డు, అంటే కంపెనీ మా అందరికీ కలిపి తీసే ఆరోగ్య బీమా.

సొంతంగా హెల్త్ పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. 2024కు ముందైతే నాలుగేళ్లు. అరవై దాటి షుగరూ బీపీ ఉన్న మనిషికి అసలు పాలసీ ఇవ్వడానికే సవాలక్ష ప్రశ్నలు. మా కంపెనీ పాలసీలో అమ్మానాన్నలకు మొదటి రోజునుంచే అన్నీ వర్తించాయి, పరీక్షలు కూడా అడగలేదు. మిల్లు రోజుల్లో నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చిన అమ్మకు కుడి మోకాలు మార్పించగలిగామంటే ఆ కార్డు పుణ్యమే. ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్కు అమ్మాయికి కార్డూ ఆధారూ ఇస్తే సాయంత్రానికల్లా అప్రూవల్ వచ్చేసింది. చేతినుంచి రూపాయి తీసే పని లేదనుకున్నాం.

డిశ్చార్జి రోజు తెలిసింది అసలు సంగతి. పాలసీలో గది అద్దె రోజుకు 5,000 దాకానే. మేము చేరిన రోజు ఆ రేటు గదులు ఖాళీ లేవని 7,500 గదిలో పెట్టారు. ఆ తేడా 2,500 మనం కట్టుకుంటే అయిపోతుంది కదా అనుకుంటాం, అవ్వదు. అద్దె లిమిట్ దాటితే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు, మత్తు డాక్టరు, నర్సింగ్, వీటన్నిటిలోనూ అదే లెక్కన మూడో వంతు కోసేస్తారు. మందులకూ మోకాల్లో పెట్టే ఇంప్లాంటుకూ ఆ కోత లేదు కాబట్టి బతికిపోయాం. బిల్లు విని అమ్మ, "ఏందిరా నాయనా, ఆపరేషన్ నా మోకాలికి చేశారా, గదికి చేశారా?" అనింది.

ఈ కోత గురించి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే ఫిర్యాదుకు ఒక టికెట్ నంబరొచ్చింది, తర్వాత "పాలసీ నిబంధనల ప్రకారమే" అని ఒక జవాబు, తర్వాత టికెట్ మూసేశారు. ఎవరూ కసురుకోలేదు, పాపం అందరూ మర్యాదగానే మాట్లాడారు, కానీ "సరే, చూద్దాం" అనగలిగే మనిషి ఆ మొత్తం కంపెనీలో ఎక్కడ కూర్చుంటాడో నాకు ఇప్పటికీ తెలియదు. మిల్లు ఓనరైతే నాలుగు తిట్టి, బీరువాలోంచి డబ్బు తీసిచ్చి, నెలనెలా జీతంలో పట్టుకునేవాడు. అయినా ఆయన ఇచ్చేది ఏ యాభై వేలో, మోకాలు ఆపరేషన్ ఖర్చంతా ఇవ్వడు గదా.

ఇంకొకటి. ఈ కార్డు పర్మనెంట్ వాళ్లకే. నా పక్కనే పనిచేసే కాంట్రాక్టు ఫిట్టర్లకు ఈఎస్‌ఐ, అంటే కార్మికులకు ప్రభుత్వం నడిపే బీమా ఉంటుంది, అది కూడా నెల జీతం 21,000 దాటనంతవరకే. కాస్త సీనియరై ఆ గీత దాటినవాడు ఈఎస్‌ఐలోంచి బయటికి పోతాడు, మా కార్డేమో రాదు. క్యాంటీన్లో ఒకే బల్ల మీద తింటాం గానీ ఆస్పత్రి మాటొస్తే నేను కాస్త తల దించుకుంటా.

పైగా మొన్న ఏప్రిల్ నుంచి అమ్మానాన్నల ప్రీమియం మా జీతంలోంచే కోస్తున్నారు. రాజీనామా చేస్తే చివరి పనిదినంతో కార్డు కూడా చెల్లదు. అందుకే చెన్నైలో మంచి ఆఫరొచ్చినా, అక్కడి పాలసీలో తల్లిదండ్రులు లేరని తెలిసి పోలేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే నా మట్టుకు పెద్ద కంపెనీయే మేలు. పెళ్లికాని మా తమ్ముడు చిన్న కంపెనీలో చేరి నాలుగు రకాల పని నేర్చుకుంటానంటే మాత్రం నేను అడ్డం చెప్పను. నేనైతే అమ్మ ఎడమ మోకాలు కూడా అయ్యేదాకా కదిలేది లేదు, ఈసారి 5,000 గది ఖాళీ అయిందని ఆస్పత్రివాళ్లు ఫోన్లో చెప్పాకే ఆటో పిలుస్తా.