మారిషస్‌లో ఒక్క పూట చేతిలో ఉంటే: ప్రైవేట్ గైడ్ టూరా, గ్రూప్ బస్సా, సొంత డ్రైవింగా?

మారిషస్ వెళ్తున్నాం, రిసార్ట్ బుక్ అయిపోయింది, మధ్యలో ఒక పూట ఐలాండ్ చూద్దాం అనుకుంటున్నాం, ప్రైవేట్ టూర్ తీసుకోవాలా లేక బస్సులో అందరితో కలిసి పోతే సరిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. డబ్బులుంటే ప్రైవేట్, లేకపోతే గ్రూప్ అని చెప్పేవాళ్లే ఎక్కువ, కానీ నేనైతే డబ్బు సంగతి ఆఖర్న చూస్తాను. ముందు చూడాల్సింది ఎటు వెళ్తున్నారు, ఏ వైపు దిగారు, వెంట ఎవరున్నారు అని. నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తా: సముద్రం చూడ్డానికి గైడ్‌కి డబ్బులు పెట్టొద్దు, కొండల్లోకి వెళ్లేటప్పుడు, చరిత్ర ఉన్న చోట్లకి వెళ్లేటప్పుడు పెట్టండి.

ముందు ఐలాండ్ సైజు అర్థం చేసుకోవాలి. నిలువు సుమారు 65 కిలోమీటర్లు, అడ్డం 45, మ్యాప్‌లో చూస్తే ఇంతేనా ఒక్క రోజులో చుట్టేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఉదయం, సాయంత్రం రాజధాని పోర్ట్ లూయిస్ చుట్టూ ట్రాఫిక్ గట్టిగా ఉంటుంది, మెయిన్ హైవే దిగితే చెరుకు తోటల మధ్య సన్న రోడ్లు, ఊరూరా రౌండబౌట్లు. ఉత్తరాన గ్రాండ్ బేలో దిగినవాళ్లు నైరుతి మూలన ఏడు రంగుల నేల ఉన్న షమరెల్ చేరడానికి గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. రానుపోను మూడు గంటలు కారులోనే పోతే నాలుగైదు గంటల టూర్‌లో ఇంక చూసేదేముంది? అదే పడమటి వైపు ఫ్లిక్ అన్ ఫ్లాక్‌లోనో లె మోర్న్ దగ్గరో దిగితే అదే షమరెల్ దగ్గర్లోనే ఉంటుంది, హాఫ్ డే టూర్ హాయిగా సరిపోతుంది. కాబట్టి గ్రాండ్ బే, బెల్ మార్ వైపు హోటల్ ఉన్నవాళ్లు దక్షిణం చూడాలంటే ఫుల్ డే తీసుకోండి, లేదంటే మీరున్న వైపే తిరగండి. సగం రోజుకి రెండు దిక్కులూ చూపిస్తాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, కిటికీలోంచి చూపిస్తారు అంతే.

ఇప్పుడు గ్రూప్ బస్సు. చవక, మనిషికి ఇంత అని రేటు ఫిక్స్, ఎంట్రీ టికెట్లు, లంచ్ చాలాసార్లు అందులోనే కలిసి ఉంటాయి, ఒక్కరే వెళ్తే లేదా కుర్రాళ్లు ఇద్దరే అయితే నిజంగా మంచి ఆప్షన్, పక్క సీట్లో వాళ్లతో కబుర్లు కూడా అవుతాయి. ఇబ్బంది ఎక్కడంటే పికప్. ఒక్కో హోటల్ దగ్గర ఆగి, లాబీలో ఇంకా టిఫిన్ చేస్తున్న వాళ్ల కోసం వెయిట్ చేసి, అందరూ ఎక్కేసరికి పొద్దున చల్లటి టైమంతా అయిపోతుంది. తర్వాత షాపులు. మారిషస్‌లో చెక్కతో పాత ఓడల మోడల్స్ చేసే వర్క్‌షాప్‌లు ఫేమస్, అవి నిజంగా చూడదగ్గవే, ఒక్కో తాడూ ఒక్కో తెరచాపా చేత్తో కడతారు, కానీ అక్కడ అరగంట, ఆ తర్వాత డ్యూటీ ఫ్రీ షోరూమ్‌లో ఇంకో అరగంట పోయాక వ్యూ పాయింట్ దగ్గర పది నిమిషాలే ఉంది త్వరగా ఫోటోలు తీసుకుని వచ్చేయండి అంటే కడుపు మండుతుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా వాతావరణం దగ్గర వస్తుంది. చాలామంది దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. ఐలాండ్ మధ్యలో ఎత్తైన పీఠభూమి ఉంది, క్యూర్‌పిప్ ఊరు సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆగ్నేయం నుంచి వీచే గాలి సముద్రం మీది తేమని తెచ్చి ఆ ఎత్తు మీదే దింపేస్తుంది. బీచ్‌లో ఎండ మాడ్చేస్తున్న టైమ్‌కే క్యూర్‌పిప్‌లో జల్లు, చలి, మంచు పొగ. అక్కడ ట్రూ ఓ సెర్ అని చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు ఉంది, గట్టు మీద నిలబడి లోపలికి చూడాలి, పొగమంచు పట్టిందంటే కనిపించేది తెల్లగోడే.

మేం మా అత్తయ్యతో వెళ్లిన రోజు సరిగ్గా ఇలాగే అయింది. పోర్ట్ లూయిస్ దాటేటప్పుడు గైడ్ కొండల వైపు ఒకసారి చూసి, పైన కొండల్లో గంగా తలావ్ సరస్సు దగ్గర ఉన్న తన దోస్తుకి ఫోన్ చేసి అక్కడి వాళ్ల క్రియోల్ భాషలో రెండు ముక్కలు మాట్లాడి, "అమ్మా, పైన ఏమీ కనిపించట్లేదట, మనం తిరగేసి వెళ్దాం, ముందు షమరెల్, వచ్చేటప్పుడు క్యూర్‌పిప్" అని హిందీలో చెప్పి కారు పడమటి తీరం రోడ్డుకి తిప్పేశాడు. మధ్యాహ్నం రెండింటికి ట్రూ ఓ సెర్ ఎక్కేసరికి మబ్బు తేలిపోయి ఉంది, గట్టు మీద నుంచి అడుగున చెట్లు, వాటి మధ్య బురద మడుగు, వెనక్కి తిరిగితే ఊరంతా, దూరంగా కొండల వరస. పొద్దున వచ్చి వెళ్లిపోయిన బస్సుల వాళ్లకి ఇవేవీ దక్కి ఉండవు, ఎందుకంటే బస్సుకి ఆర్డర్ ముందే రాసేసి ఉంటుంది, లంచ్ టేబుల్ బుక్ అయి ఉంటుంది, డ్రైవర్ మంచివాడైనా మార్చలేడు. ప్రైవేట్ టూర్‌కి పెట్టే ఎక్స్‌ట్రా డబ్బుకి ఫలితం ఏసీ కారులోనో నీళ్ల బాటిల్‌లోనో వెతక్కండి, ఇలా ప్లాన్ తిరగేయగలగడంలో ఉంటుంది.

షమరెల్ గురించి ఒక మాట, ఏడు రంగుల నేల ఫోటోల్లో చూసినంత పెద్దదేమీ కాదు, చిన్న చోటు, చుట్టూ కట్టిన చెక్క కంచె అవతల నుంచే చూడాలి, మట్టి మీద నడవనివ్వరు. నల్ల లావా రాయి ఎన్నో ఏళ్లు నాని మట్టయి, అందులోని ఇనుము, అల్యూమినియం వల్ల ఎరుపు, ఊదా, గోధుమ, పసుపు చాయలు పడ్డాయి. మబ్బు పట్టి ఉంటే రంగులు మొద్దుగా కనిపిస్తాయి, నడినెత్తిన ఎండ ఉన్నా వెలిసిపోయినట్టు ఉంటాయి, పొద్దున ఏటవాలు ఎండలో బాగుంటాయి. అక్కడే పెద్ద పెద్ద తాబేళ్లు కూడా ఉంటాయి, పిల్లలుంటే రంగుల మట్టి రెండు నిమిషాల్లో బోర్ కొట్టి వాటి దగ్గరే సెటిల్ అవుతారు, బస్సు హారన్ గొడవ లేదు కాబట్టి ఎంతసేపైనా చూడనివ్వచ్చు.

గంగా తలావ్‌కి మనవాళ్లు ఎలాగూ వెళ్తారు, దాన్నే గ్రాండ్ బస్సాన్ అని కూడా అంటారు, అది కూడా అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిండిన సరస్సే, పక్కన 33 మీటర్ల శివుడి విగ్రహం. పూజ సామాన్లు చేతిలో పట్టుకుని తిరిగితే కోతులు లాక్కుంటాయి, జాగ్రత్త. శివరాత్రికి దేశం నలుమూలల నుంచి లక్షల మంది కాలినడకన వస్తారు, రోడ్లన్నీ కావడిలతో నిండిపోతాయి, ఆ వారం మామూలు టూర్‌లో దీన్ని పెట్టుకుంటే కారు కదలదు. దర్శనం కోసమే వెళ్తే వేరే సంగతి.

సొంతంగా కారు తీసుకుని డ్రైవ్ చేయడం సంగతి చూద్దాం. మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్, బోర్డులు చదువుకోగలం, మ్యాప్స్ బాగా పనిచేస్తాయి, రోజంతా తిరగాలి అనుకునే జంటలకి, స్నేహితులకి నేను ఇదే చెప్తాను, దారిలో ఎక్కడ నచ్చితే అక్కడ ఆగిపోవచ్చు, దక్షిణ తీరం రోడ్డు అయితే ఆగకుండా ఉండటమే కష్టం. కానీ ఒక్క పూట కోసం కారు అద్దెకి తీసుకోవడం అంటే కాగితాలు, డిపాజిట్, కారు మీద గీతలు ముందే ఫోటోలు తీసి పెట్టుకోవడం, తిరిగి అప్పజెప్పడం, వీటికే టైం పోతుంది. షమరెల్ ఘాట్ రోడ్డులో మలుపులు బాగా తిప్పుతాయి, చలికాలం అంటే జూన్, జులైలలో ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, లైట్లు లేని చెరుకు తోటల రోడ్ల మీద కొత్తవాళ్లు రాత్రి డ్రైవ్ చేయాల్సిన అవసరమేముంది చెప్పండి. డ్రైవ్ చేసేవాళ్లు ఆ రోజంతా రోడ్డే చూస్తారు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

హోటల్ బయట దొరికే టాక్సీని పూటకి మాట్లాడుకోవడం నాలుగో దారి. మీటర్ వేస్తారని లెక్క పెట్టుకోకండి, ఎక్కే ముందే మొత్తం ఎంత, ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ అన్నీ మాట్లాడుకోవాలి. తీసుకెళ్లడం వరకు బాగానే తీసుకెళ్తారు, కథ చెప్తారా లేదా అన్నది ఆయన మీద ఆధారపడి ఉంటుంది. నిజానికి ప్రైవేట్ గైడెడ్ టూర్ అని అమ్మేవాటిలో కూడా కొన్ని ఇవే, కారు నడిపే ఆయనే గైడ్ అంటారు, గేటు దగ్గర దింపి నేను ఇక్కడే ఉంటాను మీరు చూసి రండి అంటారు. బుక్ చేసే ముందే గైడ్ మాతో పాటు లోపలికి నడిచి వస్తారా అని అడగండి, మారిషస్‌లో గైడ్‌లకి టూరిజం అథారిటీ లైసెన్స్ ఇస్తుంది, అది ఉందా అని కూడా అడగండి, ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

కథ చెప్పే మనిషి ఎక్కడ కావాలంటే ఆప్రవాసీ ఘాట్ దగ్గర. పోర్ట్ లూయిస్ రేవులో ఉంది, 2006లో యునెస్కో జాబితాలో చేరింది. ఎవరూ చెప్పకుండా వెళ్తే నాలుగు రాతి గోడలు, కొన్ని మెట్లు, పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. చెప్పేవాళ్లుంటే అవే 16 మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోతాయి. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది కూలీలు ఓడలు దిగి ఈ రేవు మీదుగానే తోటలకి వెళ్లారు, ఇక్కడే వాళ్ల పేర్లు రాసుకుని, డాక్టర్‌కి చూపించి, రెండు రోజులు ఉంచి చెరుకు తోటలకి పంచేవారు. వాళ్లలో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఇప్పటికీ అక్కడ ఉగాది పబ్లిక్ హాలిడే. మనవాళ్లు మారిషస్ వెళ్లి ఇది చూడకుండా స్పీడ్ బోట్ ఎక్కి వచ్చేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే పోర్ట్ లూయిస్‌కి కారు అక్కర్లేదు. ఘాట్, సెంట్రల్ మార్కెట్, కోడాన్ వాటర్‌ఫ్రంట్, బ్లూ పెన్నీ మ్యూజియం అన్నీ నడిచే దూరంలో ఉంటాయి, కారు ఉంటే పార్కింగ్ తలనొప్పి. రెండు మూడు గంటలు నడిపించే గైడ్ ఒక్కరు చాలు, ఖర్చు కూడా కారు టూర్ కంటే తగ్గుతుంది, గ్రాండ్ బే నుంచి బస్సు ఉంది, క్యూర్‌పిప్, రోజ్ హిల్ వైపు నుంచైతే మెట్రో వచ్చేసింది. బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి పోస్టాఫీస్ స్టాంపుల ఒరిజినల్స్ ఉన్నాయి, అవి మారిషస్ వేసిన మొట్టమొదటి స్టాంపులు, పాడైపోతాయని వాటి మీద ఎప్పుడూ లైట్ ఉంచరు, గంటలో కొద్ది నిమిషాలే వేస్తారు, ఆ టైమ్ తెలిసిన మనిషి వెంట ఉంటే కాపీలు చూసి వచ్చేసే పరిస్థితి రాదు. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, ఘాట్‌కీ మ్యూజియంకీ రెండింటికీ సెలవు.

సముద్రం వైపు అయితే గైడ్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్తా. ఇల్ ఓ సెర్ దీవికి వెళ్లాలంటే ట్రూ దో దూస్ ఊరి నుంచి పడవలు వెళ్తూనే ఉంటాయి, దీవిలో దిగాక ఈత కొట్టడమే పని, పక్కన నిలబడి వివరించడానికేం లేదు, అక్కడ అందరితో కలిసి కాటమరాన్‌లో వెళ్లడమే సరదా. ఇంకోటి, లె మోర్న్ దగ్గర సముద్రంలో జలపాతం అని ప్రతి యాడ్‌లో ఒక ఫోటో ఉంటుంది, అది నిజం జలపాతం కాదు, ఇసుక, బురద లోతులోకి జారుతుంటే పైనుంచి అలా కనిపించే భ్రమ, హెలికాప్టర్‌లోంచో సీప్లేన్‌లోంచో చూస్తేనే తెలుస్తుంది, రోడ్డు మీద తిరిగే ఏ టూరూ దాన్ని చూపించలేదు. ఆ ఫోటో పెట్టి కారు టూర్ అమ్మేవాళ్లని నమ్మకండి. లె మోర్న్ కొండకి మాత్రం వేరే విలువ ఉంది, తోటల నుంచి పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది, 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 556 మీటర్లు ఎక్కడం ఒక్క పూట టూర్‌లో కలపొద్దు, కింద నుంచి చూస్తూ కథ వింటే చాలు.

ప్రైవేట్‌కి ఇంకేదీ సాటిరాని సందర్భం ఒకటుంది, అది వెళ్లిపోయే రోజు. పొద్దున పదకొండుకి రూమ్ ఖాళీ చేయాలి, ఫ్లైట్ రాత్రికి, ఎయిర్‌పోర్ట్ ఏమో ఆగ్నేయం మూలన. లాబీలో సూట్‌కేసులు పెట్టుకుని కూర్చునే బదులు సామానంతా కారు డిక్కీలో వేసి దారిలో గంగా తలావ్, తర్వాత సూయాక్ దగ్గర గ్రి గ్రి తీరం చూసుకుంటూ ఎయిర్‌పోర్ట్‌లో దిగిపోవచ్చు. గ్రి గ్రి దగ్గర పగడపు దిబ్బ అడ్డు లేదు, అలలు నేరుగా వచ్చి కొండకి కొట్టుకుంటాయి, వారమంతా ప్రశాంతమైన నీళ్లు చూసిన కళ్లకి అది వేరే సముద్రంలా ఉంటుంది. ఎలాగూ ఎయిర్‌పోర్ట్ కారుకి డబ్బులు ఇవ్వాల్సిందే కాబట్టి దాన్ని తీసేసి చూస్తే టూర్ ఖర్చు చాలా తగ్గినట్టే. క్రూయిజ్ షిప్‌లో వచ్చినవాళ్లకి మాత్రం దీనికి రివర్స్, షిప్ వాళ్ల సొంత టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, మీరు విడిగా మాట్లాడుకున్న కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆగదు, కాబట్టి విడిగా వెళ్లేటట్టయితే పోర్ట్ లూయిస్ దాటొద్దు.

నలుగురు అంతకన్నా ఎక్కువ ఉంటే రేటు కారుకా మనిషికా అని తప్పకుండా అడగండి, కారుకి అయితే తలా పంచుకుంటే బస్సు టికెట్‌కి దగ్గరికి వచ్చేస్తుంది. ఎంట్రీ టికెట్లు అందులో ఉన్నాయా, గంటలు హోటల్ దగ్గర మొదలవుతాయా మొదటి స్టాప్ దగ్గరా, పిల్లల సీటు ఉందా, వాన పడితే ఆర్డర్ మారుస్తారా, షాపుల దగ్గర ఆపకుండా తీసుకెళ్తారా, ఇవన్నీ ముందు రోజే మెసేజ్‌లో రాయించుకోండి, పొద్దున్నే ఎనిమిదికి కారు రమ్మని చెప్పండి.