కాజీపేట నుంచి ఖిలా దాకా: మూడేళ్ల ఆదివారం సైకిల్ రైడ్‌ల మీద నా మాట

ప్రతి నెలా మూడో ఆదివారం పొద్దున ఐదున్నరకల్లా కాజీపేట స్టేషన్ ముందు సైకిళ్లు చేరతాయి. ఎండాకాలంలో పది పన్నెండు, చలికాలంలో ముప్పై దాకా. రైలు లైను వెంబడి తొక్కుతూ, పాత చోట్ల ఆగి ఊరి చరిత్ర వినే రైడ్ ఇది. డబ్బులేమీ తీసుకోరు. నడిపేది ఐదుగురు వాలంటీర్లు: ఒక టీచరమ్మ, రైల్వేలో రిటైరైన ఒక సారు, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, సైకిల్ రిపేర్ షాపు నడిపే ఒక అన్న. నేను 2022 వానాకాలం నుంచి పోతున్నాను. ఇరవై ఎనిమిది రైడ్‌లయ్యాయి. చేరాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కొన్ని చోట్ల పాత పట్టాలు తీసేసి సైకిళ్ల కోసం దారి వేస్తారు, అట్లాంటిది మనకు లేదు. మన లైను మీద రాత్రీ పగలూ బండ్లు పోతూనే ఉంటాయి. అందుకని వీళ్లు పట్టాల జోలికి పోకుండా, లైనుకు దూరం కాకుండా, ఊరి రోడ్లూ గేట్లూ బ్రిడ్జీలూ కలుపుకుని దారి చూసుకున్నారు. కాజీపేటలో మొదలై, హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర ఆగి, వరంగల్ స్టేషన్ దాటి, అండర్ బ్రిడ్జి కిందుగా ఖిలాకు, అంటే వరంగల్ కోటకు. మామూలు సైకిల్ చాలు. నాది మా అబ్బాయి వదిలేసిన పాతది. వాన దంచిన వారం మాత్రం అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి. ఆ వారం రైడ్ ఉండదు.

రైల్వే సారు మాటలు స్టేషన్ దగ్గరే మొదలవుతాయి. కాజీపేట అన్న పేరు ఇక్కడి దర్గాలో సమాధి ఉన్న అఫ్జల్ బియాబానీ వల్ల వచ్చింది, ఆయన వరంగల్‌కు ఖాజీగా, అంటే న్యాయాధికారిగా చేశారు. నిజాం రైల్వే లైను 1889లో బెజవాడ దాకా పోయింది. 1929లో మహారాష్ట్ర వైపు పోయే బల్లార్షా లైను పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి పోయే బండి మన ఊరి మీదుగా పోవడం మొదలైంది. పుట్టినప్పటినుంచీ ఆ కూత వింటున్నా, జంక్షన్ ఎట్లా అయిందో నాకు ఆయన చెప్పేదాకా తెలీదు.

వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడని బడిలోనే చదువుకున్నాం. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ గుళ్లున్న త్రికూటాలయం. అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, "ఇక్కడి నుంచి ఖిలాకు సొరంగం ఉందంట కదా?" అని. టీచరమ్మ ప్రతిసారీ ఒకే జవాబిస్తుంది. "అది జనం మాట. శాసనంలో ఉన్నది వేరే, అది చెప్తా వినండి." జనం మాటను కొట్టిపారేయదు, ఎవరు చెప్పారో అడిగి రాసుకుంటుంది. ఏది రాతి మీద ఉంది, ఏది నోటి మీద ఉంది, ఏది తన ఊహ, మూడూ విడదీసి చెప్తుంది. తెలియనిది తెలియదనే అంటుంది. నన్ను మూడేళ్లు పట్టి ఉంచింది ఈ ఒక్క గుణమే. డబ్బులిచ్చి పెట్టుకున్న గైడ్ల దగ్గర కూడా నాకిది దొరకలేదు.

ఖిలాలో మట్టికోట దాటి, రాతికోట దర్వాజా లోంచి పోతే రెండు పక్కలా ఇళ్లు, చేన్లు. ఇప్పటికీ లోపల ఊరుంది. ఏడు గంటల ఎండలో కీర్తి తోరణాల నీడలు నేల మీద పొడుగ్గా పడుకుని ఉంటాయి. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం ముక్కలై కింద. పోయిన డిసెంబర్‌లో టీచరమ్మ పిల్లలకు ఒక పని పెట్టింది. "తోరణం మీద ఒక్క దేవుడి బొమ్మ చూపించండి." తలలు పైకెత్తి పావుగంట వెతికారు. అంచుల మీద హంసలు, కిందికి వేలాడే తామర మొగ్గలు, మకరాలు దొరికాయి గానీ దేవుడు దొరకలేదు. 1323లో ఢిల్లీ సుల్తాను సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయి గుడి కూలినా తోరణాలు అందుకే మిగిలాయేమో అంటారు, అది ఊహేనని మళ్లీ గుర్తు చేసింది. రాష్ట్ర చిహ్నంలో రోజూ చూసే తోరణాన్ని నేనూ ఆ రోజే సరిగ్గా చూశాను.

వరంగల్‌లో ఇంకో ఆగే చోటు ఆజంజాహి మిల్లు జాగా. 1934లో పెట్టిన బట్టల మిల్లు, మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. మీ ఇళ్లలో ఎవరైనా పనిచేశారా అని అడిగితే నేను చెయ్యెత్తాను. మరుసటి నెల మా బాపును ఆటోలో తీసుకొచ్చాను. ఇంట్లో మిల్లు గురించి ఎప్పుడూ నోరు విప్పని మనిషి. అక్కడ నిలబడి, షిఫ్టు దిగి బయటికొస్తే కనుబొమ్మల మీద దూది ఎట్లా పేరుకునేదో వేలితో రుద్ది చూపించాడు. "మీ అమ్మ గడపలోనే ఆపి, కొంగుతోని దులిపి లోపలికి రానిచ్చేది బిడ్డా," అన్నాడు. నలభై ఆరేళ్ల వయసులో ఆ మాట మొదటిసారి విన్నాను. డిగ్రీ పిల్లల్లో ఒకడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఏడాదికోసారి బల్లార్షా లైను వెంట హసన్‌పర్తి, ఉప్పల్ మీదుగా జమ్మికుంట దాకా పెద్ద రైడ్ పెడతారు. పత్తి సీజన్‌లో మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ల మధ్య తొక్కడం కష్టం, దుమ్ము. అంతకన్నా పెద్ద కష్టం ఆడవాళ్లకు బాత్రూం. మొదటి ఏడాది దారిలో ఎక్కడా ఏర్పాటు లేక, నీళ్లు తాగకుండా తొక్కి మధ్యాహ్నానికి కళ్లు తిరిగి కూర్చున్నాను. గట్టిగానే అడిగాను. నిరుడు రెండు చోట్ల తెలిసినవాళ్ల ఇళ్లలో మాట్లాడి పెట్టారు. ఇంకోటి, జనం ఎక్కువైన రోజు ముందున్నవాళ్లు వేగం పెంచేస్తారు. వెనక రిపేర్ అన్న ఒక్కడే అందరినీ కాచుకుంటూ వస్తాడు. చివర ఇద్దరుంటే బాగుంటుంది.

అన్నిటికంటే నాకు దిగులు ఆ నోట్‌బుక్కు గురించి. మూడేళ్ల జనం మాటలన్నీ అందులోనే ఉన్నాయి, అదొక్కటే ఉంది. పేజీలు ఫొటోలు తీసి ఇంకో ఇద్దరి దగ్గర ఉంచమని పోయిన రైడ్‌లో అడిగాను. సరే అన్నారు, ఇంకా కాలేదు. ఈ నెల నేనే ఫోన్‌కు నిండా చార్జింగ్ పెట్టుకుని పోతున్నాను.